వదిన గురించి రెండు పేజీలు రాయమన్నారు, ఒక్క లైను దాటడం లేదు

ప్రశ్న:

నమస్తే అమ్మా. మాది చిత్తూరు పక్కన పల్లె. నా ఉద్యోగం, సంసారం అంతా తిరుపతిలో. పోయిన కార్తీకంలో మా పెద్దవదిన పోయింది. 51 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్. 1993లో ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేసరికి నాకు 12, ఆమెకు 19. అప్పట్నుంచి నాకు జడ వేసింది ఆమే, చదివించింది ఆమే. 2002లో నాకు ఇక్కడ పద్మావతి మహిళా యూనివర్సిటీలో పీజీ సీటు వస్తే మా నాయన వద్దన్నాడు. వదిన తన కమ్మలు కుదవపెట్టి హాస్టల్ ఫీజు కట్టింది. తనూ అదే ఏడు ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీలో చేరింది, అమ్మకు పక్షవాతం వచ్చాక మానేసింది. మామిడి తోట లెక్కలు, ఊళ్ళో పొదుపు సంఘం, చిన్నన్న వ్యాపారం నిలబెట్టడం, అన్నీ ఆమె చేతి మీదే జరిగాయి. ఒక్కనాడు ముఖం చిట్లించలేదు. మా ఇంటికి దేవత.

సంవత్సరీకం దగ్గరికొచ్చింది. పెద్దన్న అన్నదానం చేసి ఊరి బస్టాపులో పెద్ద ఫ్లెక్సీ కట్టాలంటాడు. చిన్నన్న ఆమె పేరుతో బస్ షెల్టర్ కట్టిద్దామంటాడు. పెద్దన్నకూ వదినకూ పెళ్ళైన పదకొండేళ్ళకు పుట్టిన ఒక్కతే కూతురు, అది ఏమీ వద్దని తలుపేసుకుంటుంది. చిన్న పుస్తకం కూడా వేస్తారట, 'నువ్వు చదువుకున్నదానివి, రెండు పేజీలు రాయి' అని నాకు అప్పగించారు. మూడు నెలలైంది. 'మా వదిన మా ఇంటి దేవత' అని రాస్తాను, అక్కడే ఆగిపోతాను. ఆమె పోయినప్పుడు ఆఫీసులో సెలవు అడిగితే 'వదినే కదా' అన్నారు. ఈసారి గంగ జాతరలో కొండ మీది సారె ఊరేగింపుగా పోతుంటే రోడ్డు మీదే ఏడ్చేశాను, మా ఆయన కంగారుపడ్డాడు. ఆమె పంపిన చివరి వాయిస్ మెసేజ్ ఒకటి, 48 సెకన్లది, ఇంకా వినలేదు. ఇన్ని ఆసుపత్రులున్న ఊళ్ళో ఉండి కూడా నాకు ముందే తెలియలేదే అన్న బాధ ఒకటి తినేస్తోంది. ఆమె గురించి ఏం రాయాలి, ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?

ఒక ఆడబిడ్డ, తిరుపతి

జవాబు:

చెల్లెమ్మా,

ముందు ఆ సెలవు సంగతి. 'వదినే కదా' అన్నవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. కాసేపయ్యాక వాళ్ళొక్కరినే అని ఏం లాభంలే అనిపించింది, ఎందుకంటే మన దగ్గర ఈ బంధానికి ఉన్న మాటలన్నీ తగాదావే. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటాం. వదినా మరదళ్ళంటే ఎకసెక్కాలు, ఎత్తిపొడుపులు, కొత్త జంటను గుమ్మంలో నిలబెట్టి పేర్లు చెప్పించడం, ఇవే. ఒకరు పోతే ఇంకొకరు ఎట్లా ఏడవాలో ఎవరూ చెప్పి పెట్టలేదు. భార్య పోయినవాడి పక్కన నలుగురు కూర్చుంటారు, తల్లి పోయిన పిల్లను దగ్గరికి తీసుకుని ఏడుస్తారు, ఆ ఇంటి ఆడబిడ్డ మాత్రం వచ్చినవాళ్ళకి కాఫీలు అందిస్తూ ఉంటుంది. 'మీ అన్న ఎట్లున్నాడు, పాప అన్నం తింటోందా' అని అందరూ ఆమెనే అడుగుతారు. మీరు ఇన్ని నెలలుగా ఆ జవాబులు చెప్పే పనిలోనే ఉన్నట్టున్నారు.

'పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు' అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. 51 ఏళ్ళకు క్యాన్సరుతో పోవడంలో అదృష్టమేంటో నాకు ఈ వయసుకీ అర్థం కాలేదు. అన్నవాళ్ళను వదిలేయండి, మీరు వేసే పుస్తకంలోకి మాత్రం ఆ మాట రానివ్వకండి.

ఇక జాతరలో ఏడవడం. మీ ఆయన కంగారుపడ్డాడంటే పడతాడు మరి, ఆయనకేం తెలుసు. తాతయ్యగుంట గంగమ్మను మనం తిరుమల స్వామికి చెల్లెలంటాం, అందుకే జాతరకు కొండ మీది నుంచి సారె వస్తుంది, చీర, పసుపు, కుంకుమ పెట్టుకుని గోవిందరాజస్వామి గుడి దగ్గర్నుంచి మేళతాళాలతో తీసుకుపోతారు. అన్న చెల్లెలికి పంపే సారె అని అందరం మురిసిపోతాం. నాకు మాత్రం ప్రతిసారీ ఒక కొంటె ఆలోచన వస్తుంది, ఆ లెక్కన తిరుచానూరు అలమేలుమంగమ్మ గంగమ్మకు వదిన కదా, ఆ చీర రంగు ఎంచింది ఆవిడే అయ్యుంటుందని. మన ఇళ్ళల్లో అయితే అంతే. నాకు తెలిసిన ఏ అన్నా చెల్లెలి రవికె కొలత తెలిసి గుడ్డ కొన్నవాడు కాడు. 'జాతరకు ఊరికి రావా, పిల్లలకు సెలవలే కదా' అని ఫోన్ చేసేది ఎవరు? బస్సెక్కేటప్పుడు సంచిలో చెనక్కాయలు, బెల్లం, డబ్బాలో ఊరిబిండి కుక్కి పెట్టేది ఎవరు? అన్న బస్టాండు దాకా బండి మీద దింపుతాడు, అంతే. మీ అమ్మ పోయాక కూడా మీకు పుట్టిల్లు ఉందంటే అది మీ వదిన వల్ల ఉంది, ఈసారి జాతరకు ఆ ఫోన్ రాలేదు. అదీ మీరు రోడ్డు మీద ఏడ్చింది. మీ ఆయనకు ఇట్లాగే చెప్పండి, పుట్టిల్లు పోయిందని చెప్పండి, అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటుకి వస్తాను. చాలా పెద్ద ఉత్తరం రాశారు, ఇక్కడ నేను తగ్గించి వేశాను కానీ ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. 'తనూ అదే ఏడు ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీలో చేరింది, అమ్మకు పక్షవాతం వచ్చాక మానేసింది.' అంతే. ఆ వెంటనే తోట లెక్కలకు వెళ్ళిపోయారు, ఇంకో రెండు వాక్యాలకు దేవత అనేశారు. నేను వెళ్ళలేకపోయాను.

ఒకసారి నాతోపాటు ఆగి చూడండి. మీ పెద్ద ఉత్తరంలో రాశారు, ఆమె ఇంటర్ తప్పిందని. 2002కి ఆమెకు 28 ఏళ్ళు. హైదరాబాదులో 1982లో పెట్టిన ఆ ఓపెన్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది, ఇంటర్ పాస్ కాకపోయినా ఎలిజిబిలిటీ టెస్టు రాస్తే డిగ్రీలో చేర్చుకునేది. మా కాలనీలో ఒకావిడ అట్లాగే రాసింది కాబట్టి నాకు తెలుసు, ఆ టెస్టు పేపరు కోసం ఆవిడ ఆరు నెలలు రాత్రిళ్ళు కూర్చుంది. మీ వదిన కూడా అట్లా కూర్చునే ఉంటుంది. సంగటి గెలికి, గిన్నెలు తోమి, అందరూ పడుకున్నాక. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదని ఊళ్ళోవాళ్ళు అనేవి అంటూంటే, తన కమ్మలు కుదవపెట్టి ఆడబిడ్డను హాస్టల్లో దింపి వచ్చిన అదే ఏడు, తనకంటూ ఒక అప్లికేషన్ నింపుకుంది. ఆ అప్లికేషన్ మీద సంతకం పెట్టేటప్పుడు ఆమె ఎంత సంబరపడి ఉంటుందో మీరెప్పుడైనా అనుకున్నారా?

ఆ తర్వాత మీ అమ్మకు పక్షవాతం వచ్చింది. 2004 అని రాశారు, అంటే మీ పీజీ ఆఖరి సెమిస్టరు, ఆమె కడుపుతో ఉన్న ఏడు. ఇంట్లో ఎవరో ఒకరు చదువు ఆపి మంచం దగ్గర ఉండాలి. పెళ్ళికాని కూతురు హాస్టల్లో ఉంది, కోడలు ఇంట్లో ఉంది. ఎవరి పుస్తకాలు మూశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది మిమ్మల్ని దోషిని చేయడానికి చెప్పడం లేదు, 23 ఏళ్ళ పిల్లవు, నిన్ను ఎవరూ అడగలేదు కూడా, బహుశా ఆమే అడగనిచ్చి ఉండదు. (చూశారా, నువ్వు అనేశాను. ఏమనుకోకండి, నా చిన్నచెల్లెలు గుర్తొచ్చింది.) కానీ మీ కలం ఆగిపోతున్నది మాటలు రాక కాదనుకుంటున్నాను. దేవత అని రాస్తే ఈ సంగతి రాయక్కర్లేదు, దేవతలకు డిగ్రీలెందుకు? మనిషి అని రాస్తే మాత్రం ఇది రాయక తప్పదు. మీ చెయ్యి రెంటికీ మధ్యలో ఇరుక్కుంది.

మన చిత్తూరు, తిరుపతి వాళ్ళకు పోయిన ఆడదాన్ని దేవతను చేయడం కొత్త కాదు. జాతర వేషాల్లో పేరంటాలు వేషం లేదూ? జాతరలో వేషాలు కట్టే కైకాల కుటుంబం వాళ్ళు కట్టుకుని వస్తే కాళ్ళకు నీళ్ళు పోసి మొక్కుతాం. పల్లెల్లో చెట్టు కింద పేరంటాళ్ళ గుళ్ళు ఎన్ని లేవు, లోపల రాయికి పసుపు పూసి ఉంటుంది, ఆమె ఎవరు, ఎట్లా పోయింది, ఏం తినేది, ఎవరితో కొట్లాడింది అంటే ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. మీ వదినకు అట్లాంటి గుడి కట్టకండి. 'ఒక్కనాడు ముఖం చిట్లించలేదు' అని రాశారే, నేను నమ్మను. 32 ఏళ్ళు ఒక ఇంట్లో అత్తను, మామను, ఇద్దరు మగవాళ్ళను, ఒక తోటను, ఒక సంఘాన్ని మోసిన మనిషి ముఖం చిట్లించకుండా ఉండదు, మీరు చూసి ఉండరు, లేదా చూసి మరిచిపోయారు. ఆ చిట్లించిన ముఖం గుర్తు తెచ్చుకోండి. ఆమె మీకు తిరిగొచ్చేది అక్కడే.

నా సంగతి ఒకటి చెప్తాను. మా వదిన పోయి చాలా కాలమైంది. మేమూ ఫోటో పెద్దది చేయించి, దండ వేసి, మంచిది, ఓర్పు గలది అని చెప్పుకున్నాం, మా అమ్మ ఆమెను ఎంత సతాయించిందో మాత్రం ఎవరం అనలేదు. ఒకసారి చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో, పూతలపట్టు దాటాక, పక్క సీటులో ఒక ముసలావిడ ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ మా వదిన ఊరి మనిషని తేలింది, చిన్నప్పటి స్నేహితురాలట. 'అదా! అది మోటబావిలోకి గట్టు మీంచి దూకేది, మగపిల్లోళ్ళు కూడా దానంత పైనుంచి దూకలా' అంది. నేను బిత్తరపోయాను. మా వదిన ఈత కొట్టేదా? మా ఇంటి వెనక బావి ఉండేది, 30 ఏళ్ళు ఆమె అందులోంచి నీళ్ళు తోడింది. ఒక్కసారైనా లోపలికి చూసి 'నేను దూకేదాన్ని' అనలేదు, మేం అడగలేదు కాబట్టి అనలేదు. ఆ ముసలావిడ చంద్రగిరిలో దిగిపోయింది, ఇంటి పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ ఎవరైనా వదిన పేరెత్తితే నాకు దండ వేసిన ఫోటో గుర్తు రాదు, నేనెప్పుడూ చూడని ఆ దూకుడే గుర్తొస్తుంది.

అందుకని రెండు పేజీలు రాయడానికి ముందు అడగడం మొదలుపెట్టండి. అన్నను 'వదిన ఎట్లాంటిది' అని అడిగితే 'మంచిది' అంటాడు, మగవాళ్ళ దగ్గర అంతకన్నా రాదు. 'ఆమె నీ మీద గట్టిగా అరిచిందెప్పుడు' అని అడగండి, అప్పుడు కథ వస్తుంది. సంఘంలో ఆడవాళ్ళను 'అప్పు కట్టకపోతే ఏం తిట్టేది' అని అడగండి. ఆ తిట్టు తిట్టినట్టే రాయండి, దిద్దకండి. ఆమె వంటలో ఏది బాగుండేది కాదో రాయండి, ప్రతి ఇంట్లో ఒకటుంటుంది, మా వదిన చేసిన ఓళిగ పిండి మధ్యలోంచి పూర్ణం ఎప్పుడూ బయటికి తొంగి చూసేది. ఆమె పుట్టిన ఊరు, పుట్టింటి పేరు, చదివిన బడి ముందు పెట్టండి. ఫ్లెక్సీల మీద మన ఆడవాళ్ళకు ఫలానావారి ధర్మపత్ని అని తప్ప వేరే ఊరూ పేరూ ఉండవు కదా.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది దేవత ముక్క కాదు, ఆ చీటీల ముక్క. పోయిన 2025 సీజన్లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడితే, ఫ్యాక్టరీ వాళ్ళు కిలోకు 8 రూపాయలు, సర్కారు 4, మొత్తం 12 అని చెప్పారు గుర్తుందా, ఆ రోజుల్లో ఆమె మంచం మీద ఉండి కూడా తూకం చీటీలు అడిగి తెప్పించుకుని, దిండు కింద పెట్టుకుని, రబ్బర్ బ్యాండ్ వేసి, ఒకటి తక్కువైతే మీ అన్నను మళ్ళీ పంపించిందన్నారు. జుట్టు ఊడిపోయి తలకు తువ్వాలు చుట్టుకుని ఉందన్నారు. 'ఇంత జబ్బులో ఎందుకు వదినా' అంటే 'జబ్బు నాకు, కాయకు కాదు' అందన్నారు. అమ్మా, ఇంకేం కావాలి మీకు? రెండు పేజీల్లో సగం పేజీ ఇదే. దీని పక్కన 'మాతృమూర్తి, త్యాగమూర్తి' అని పెట్టి చూడండి, ఏది మీ వదినో మీకే తెలుస్తుంది.

డిగ్రీ సంగతి కూడా రాయండి. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఏడవక్కర్లేదు. 'ఆమె నేను ఒకే ఏడు చేరాం, నేను పూర్తి చేశాను, ఆమె మా అమ్మ కోసం ఆపేసింది' అని ఉన్నదున్నట్టు. మీ ఇంట్లో కొందరికి నచ్చకపోవచ్చు, ఇప్పుడెందుకవన్నీ అంటారు. అననివ్వండి. ఆ పుస్తకాలు ఇంకా అటక మీద ఉన్నాయేమో చూడండి, పేజీల్లో ఎక్కడి దాకా గీతలు గీసుకుందో చూడండి.

ఆసుపత్రి బాధ. దీని మీద ఎక్కువ చెప్పను, ఎంత చెప్పినా ఆ బాధ ఉంటుంది. గడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కూతురి ఇంజనీరింగ్ ఆఖరి పరీక్షలు అయ్యేదాకా ఆగింది, నొప్పి లేదు కదా అనుకుంది. రొమ్ములో గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు, అదే దాంతో చిక్కు, నొప్పి ఉంటే మనవాళ్ళు మర్నాడే పరిగెత్తుతారు. తిరుపతిలో ఉన్నంత మాత్రాన పల్లెలో రవికె కింద ఉన్న గడ్డ మీకు కనపడదు. కానీ ఒకటి మీ చేతిలో ఉంది. 30 దాటిన ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు, ఈ మూడు క్యాన్సర్లకు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళ పింక్ బస్సు పల్లెలకు పోయి ఉచితంగా పరీక్షలు చేస్తుంది. ఆ సంఘం ఆడవాళ్ళందరినీ ఒకరోజు కూర్చోబెట్టండి, ముందు మీరు చేయించుకోండి. మీరు చేయించుకుని ఎన్నాళ్ళయింది? ఉత్తరంలో ఆ మాటే లేదు, అందుకే అడుగుతున్నా.

మీ మేనకోడలి గురించి నా అనుమానం ఒకటి చెప్తాను, తప్పైతే మన్నించండి. ఆ పిల్ల తలుపేసుకుంటున్నది కార్యక్రమాలు ఇష్టం లేక కాదేమో. 'నా పరీక్షల వల్లే అమ్మ చెప్పలేదు' అని లోపల నమిలేస్తోందేమో. ఇంట్లో అందరూ 'కూతురి చదువు కోసం జబ్బు దాచిపెట్టుకున్న మహాతల్లి' అని వచ్చినవాళ్ళకు చెప్తుంటే ఆ పిల్ల గదిలోంచి వింటూ ఉంటుంది కదా. ఆ మాట ఆమెకు ఎట్లా తగులుతుందో ఆలోచించండి. ఫ్లెక్సీ మీద కూడా అదే వేస్తారు, చూస్తుండండి. మేనత్తగా మీరు చేయాల్సిన మొదటి పని, ఆ మాట ఇంట్లో ఎవరూ ఇంకోసారి అనకుండా ఆపడం. రెండోది, ఆ పిల్ల పక్కన కూర్చుని 'మీ అమ్మ నా చదువు కోసం తన చదువు ఆపింది, నాకు కూడా ఆ బరువుంది' అని చెప్పడం. పెద్దవాళ్ళు ఓదార్చడమే తప్ప తమ బరువు పిల్లలకు చూపించరు. మీరు చూపించండి. జవాబు వెంటనే రాకపోవచ్చు, ఆరోజు కూడా తలుపు పడొచ్చు, ఇంకోరోజు వెళ్ళండి.

అన్నదానం మంచిదే, చేయనివ్వండి, మీ పెద్దన్నకు చేతులకు ఏదో పని కావాలి. బస్ షెల్టర్ కూడా తప్పు కాదు, ఎండలో నిలబడేవాళ్ళకు నీడ. నన్నడిగితే మాత్రం ఆ డబ్బులో కొంత ఆపి, ఊళ్ళో చదువు ఆగిపోయిన కోడలు ఒకరు ఉంటే, కూతురు కాదు కోడలు, కూతుళ్ళను ఈ రోజుల్లో ఎట్లాగో చదివిస్తున్నారు, ఆ కోడలికి ఓపెన్ స్కూల్లో ఇంటరో, ఇగ్నోలో డిగ్రీయో ఫీజు కట్టండి. ఫీజు కన్నా ముఖ్యం, పరీక్షల రోజుల్లో ఆమె ఇంట్లో సంగటి ఎవరు గెలుకుతారో కూడా మాట్లాడి పెట్టండి. లేకపోతే మీ వదిన కథే మళ్ళీ జరుగుతుంది. చిన్నన్నకు ఈ మాట చెప్పి చూడండి, వ్యాపారం నిలబెట్టిన వదిన కదా, కాదనడు.

వాయిస్ మెసేజ్ తొందరేం లేదు. వినాలనిపించినప్పుడే వినండి, కానీ ఫోన్ మార్చేలోగా ఆమె చాట్ మొత్తం బయటికి తీసి రెండు చోట్ల దాచిపెట్టుకోండి. ఫోన్ పోతే ఆ 48 సెకన్లు పోతాయి, ఆ తర్వాత వాటి కోసం జీవితమంతా వెతుక్కుంటారు. అందులో పెద్ద మాటలేవో ఉంటాయని భయపడుతున్నారేమో. నాకైతే ఏ చెనక్కాయల గురించో, ఎవరి చేతో పంపిన డబ్బా తిరిగి పంపమనో ఉంటుందనిపిస్తోంది. వినేరోజు మేనకోడలు పక్కనుంటే మంచిది.

చివరగా ఒకటి. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, మీ వదిన అమ్మ బతికే ఉందని ఒకే ఒక్కచోట ఉంది, 'పలమనేరు పక్క, ముసలిది, కర్మలకు వచ్చి వెళ్ళింది' అని. మీకు పుట్టిల్లు పోయిందని ఏడుస్తున్నారు కదా, ఆమె వచ్చిన పుట్టిల్లు అక్కడుంది. 19 ఏళ్ళ దాకా మీ వదిన ఎట్లా ఉండేదో చెప్పగలిగిన మనిషి ఆ ఒక్కతే ఉండొచ్చు. ఆమె ఏ బావిలో దూకిందో, ఏ చెట్టెక్కిందో, ఇంటర్లో ఏ సబ్జెక్టు తప్పిందో ఆవిడను అడగాలి. సంవత్సరీకం కన్నా ముందే ఒక ఆదివారం వెళ్ళండి, మేనకోడలు వస్తానంటే తీసుకెళ్ళండి, లేదంటే ఒక్కరే వెళ్ళండి. చిత్తూరులో పలమనేరు బస్సెక్కితే మొగిలి కనుమ దాటాక ఎంతో దూరం ఉండదు. ముందు ఫోన్ చేసి 'అత్తా, నేను, ఆడబిడ్డను' అనండి. మీ వదిన మీకు పెట్టినట్టే ఒక చీర, రవికె గుడ్డ, పసుపు కుంకుమ పెట్టుకోండి. పెద్దావిడ పసుపు కుంకుమ వాడని మనిషైతే చీర మీద పూలు పెట్టివ్వండి. పళ్ళు ఉంటాయో లేవో, చెనక్కాయలు వేయించినవి కాకుండా ఉడకబెట్టినవి తీసుకెళ్ళండి.